ఫోన్‌ని కేబుల్‌తో టీవీకి కలిపినా బొమ్మ రావట్లేదా? లోపాన్ని వరసగా పట్టుకునే పద్ధతి

సీ టైప్ నుంచి హెచ్‌డీఎంఐకి వెళ్లే కేబుల్ ఒకటి కొంటారు. ఒక కొస ఫోన్‌కి, ఇంకో కొస టీవీకి పెడతారు. టీవీ మాత్రం 'నో సిగ్నల్' దగ్గరే ఆగిపోతుంది. కేబుల్ డొక్కుదనుకుని ఇంకొంచెం ఖరీదైనది తెప్పిస్తారు. అదీ అంతే. చాలాసార్లు ఇక్కడ తప్పు కేబుల్‌ది కాదు, ఫోన్‌ది. దాని ఛార్జింగ్ పోర్టులోంచి వీడియో బయటికొచ్చే ఏర్పాటే ఉండదు. అలాంటి ఫోన్‌కి ఎంత ఖరీదైన కేబుల్ తగిలించినా లాభం లేదు.

అందుకే ముందు ఫోన్, తర్వాత అడాప్టర్, ఆ తర్వాత హెచ్‌డీఎంఐ కేబుల్, చివరికి టీవీ. ఈ వరసలో ఒకటి తేలాకే రెండో దానికి వెళ్లండి. అన్నీ ఒకేసారి మార్చేస్తే బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు.

## 1. ఫోన్‌లో వీడియో అవుట్ ఉందా?

సీ టైప్ పోర్టులన్నీ బయటికి ఒకేలా కనిపిస్తాయి. గుమ్మం ఒకటే అయినా లోపల గదులు వేరు. కొన్ని ఫోన్లలో ఆ పోర్టు ఛార్జింగ్‌కి, మామూలు ఫైల్ కాపీకి మాత్రమే పనికొస్తుంది. కొన్నింటిలో దాని గుండా వీడియో కూడా వెళ్తుంది. ఈ రెండో సదుపాయం పేరు డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్. దీన్ని 2014లో ప్రకటించారు. ఈరోజు సీ టైప్ నుంచి హెచ్‌డీఎంఐ అని అమ్మే మామూలు అడాప్టర్లన్నీ దీని మీద ఆధారపడే పనిచేస్తాయి.

మీ ఫోన్‌లో ఉందో లేదో తేల్చుకోవడానికి కంపెనీ వెబ్‌సైట్‌లో మీ మోడల్ స్పెసిఫికేషన్ పేజీ తీయండి. యూఎస్‌బీ అనే వరసలో 'డిస్‌ప్లేపోర్ట్' లేదా 'వీడియో అవుట్' అని ఉంటే ఉన్నట్టే. ఆండ్రాయిడ్ ఫోన్‌లో 'యూఎస్‌బీ 2.0' అని మాత్రమే రాసి ఉంటే ఇక ఆశ వదులుకోండి. 'యూఎస్‌బీ 3.1' లేదా '3.2' అని ఉంటే అవకాశం ఉంది గానీ గ్యారంటీ లేదు. అమ్మకపు సైట్లలో కింద ప్రశ్నలకు ఎవరో ఇచ్చే 'పనిచేస్తుంది బ్రో' అన్న జవాబును లెక్కలోకి తీసుకోకండి. వాళ్ల ఫోన్ వేరు, మీ ఫోన్ వేరు.

మన దగ్గర ఎక్కువగా వాడే ఫోన్ల సంగతి ఇలా ఉంటుంది. శాంసంగ్‌లో గెలాక్సీ ఎస్8 నుంచి వచ్చిన ఎస్ సిరీస్, నోట్ సిరీస్, జెడ్ ఫోల్డ్ ఫోన్లలో ఉంది. వీటిలో కేబుల్ పెట్టగానే డెక్స్ అనే కంప్యూటర్ లాంటి తెర కూడా తెరుచుకోగలదు. అదే శాంసంగ్‌లో ఏ, ఎం, ఎఫ్ సిరీస్ ఫోన్లలో మామూలుగా ఉండదు. గూగుల్ పిక్సెల్ అయితే పిక్సెల్ 8 నుంచి మొదలు. అది కూడా 2024లో వచ్చిన అప్‌డేట్‌తో తెరుచుకుంది కాబట్టి సాఫ్ట్‌వేర్ పాతదైతే ముందు అప్‌డేట్ చేయండి. పిక్సెల్ 7, అంతకు ముందువాటిలో రాదు. వన్‌ప్లస్‌లో 7 ప్రో దగ్గర నుంచి ఖరీదైన మోడళ్లలో చూడొచ్చు. నార్డ్‌లలో ఆశ పెట్టుకోవద్దు. రెడ్‌మీ నోట్ లాంటి మధ్య తరగతి ధర ఫోన్లదీ ఇదే కథ. మోటోరోలా ఎడ్జ్ ఫోన్లలో మోడల్‌ని బట్టి మారుతుంది. పెద్ద తెరకు కలుపుకోవచ్చు అని ప్రకటనలో ఉన్నా, కొన్నింటిలో అది వైర్‌లెస్‌గా మాత్రమే.

ఐఫోన్ 15 నుంచి సీ టైప్ వచ్చింది, వీడియో కూడా వెళ్తుంది. ఇక్కడో చిన్న మెలిక ఉంది. మామూలు ఐఫోన్ 15 డేటా వేగం యూఎస్‌బీ 2 స్థాయిదే, అయినా 4కే 60 హెర్ట్జ్ (సెకనుకి 60 బొమ్మలు) వరకు వీడియో పంపుతుంది. పైన చెప్పిన 2.0 సూత్రం ఆండ్రాయిడ్‌కే పరిమితం.

చేతిలో డబ్బు పెట్టకుండా పరీక్షించుకునే దారి ఒకటుంది. ఆఫీసులో ల్యాప్‌టాప్‌కి వాడే, హెచ్‌డీఎంఐ ఉన్న సీ టైప్ హబ్ (ఒకే ప్లగ్‌తో పలు పోర్టులిచ్చే డబ్బా) ఎవరి దగ్గరైనా ఉంటుంది. దాన్ని అరగంట అడిగి తీసుకుని, ల్యాప్‌టాప్‌తో టీవీలో బొమ్మ వస్తోందని చూసుకుని, అదే హబ్‌ని అలాగే ఫోన్‌కి పెట్టండి. ల్యాప్‌టాప్‌కి వచ్చి ఫోన్‌కి రాకపోతే, ఫోన్‌ని తెర తెరిచి ఉంచి మరోసారి ప్రయత్నించండి. అప్పుడూ రాకపోతే తీర్పు వచ్చేసినట్టే.

## 2. వీడియో అవుట్ లేని ఫోన్‌కి ఉన్న దారులు

మొదటిది డిస్‌ప్లేలింక్ చిప్ ఉన్న అడాప్టర్. ఫోన్‌లో ఓటీజీ (పెన్‌డ్రైవ్ లాంటివి నేరుగా ఫోన్‌కి పెట్టుకునే సదుపాయం) ఉంటే చాలు, ప్లే స్టోర్ నుంచి డిస్‌ప్లేలింక్ ప్రెజెంటర్ అనే యాప్ వేసుకోవాలి. తెర మీద ఉన్నదాన్ని యాప్ పట్టుకుని డేటాగా అడాప్టర్‌కి పంపుతుంది. ఫొటోలు, పాఠాలు, ప్రెజెంటేషన్లకు సరిపోతుంది. ఓటీటీ సినిమాలకు పనికిరాదు, తెర నల్లగా వస్తుంది. గేమ్‌లకూ ఆలస్యం తెలుస్తుంది.

రెండోది, ఆన్‌లైన్‌లో చవకగా దొరికే 'అన్ని ఫోన్లకీ పనిచేస్తుంది' రకం. దీనికి ఒకవైపు హెచ్‌డీఎంఐ, కరెంటు కోసం ఒక యూఎస్‌బీ తోక, మీ ఛార్జింగ్ కేబుల్ పెట్టుకోవడానికి ఒక పోర్టు ఉంటాయి. టీవీలో క్యూఆర్ కోడ్ చూపించి ఏదో యాప్ దించుకోమంటుంది, యూఎస్‌బీ డీబగ్గింగ్ (కేబుల్ గుండా బయటి పరికరం ఫోన్‌ని నడిపించనిచ్చే సెట్టింగ్) ఆన్ చేయమని అడుగుతుంది. ప్లే స్టోర్ బయటి నుంచి వచ్చే ఆ యాప్‌కి తెర మొత్తం చూసే అనుమతి ఇవ్వడమంటే, మీ ఓటీపీలు కూడా చూడనిచ్చినట్టే. పైగా డీబగ్గింగ్ ఆన్‌లో ఉంటే కొన్ని బ్యాంకు యాప్‌లు తెరుచుకోవు. తప్పక వాడితే, పని అయ్యాక డీబగ్గింగ్ ఆపి, ఆ యాప్‌ని తీసేయండి. యూపీఐ ఉన్న ఫోన్‌కి దీన్ని పెట్టకపోవడమే మంచిదని మా మాట.

మైక్రో యూఎస్‌బీ ఉన్న పాత ఫోన్లకు ఒకప్పుడు ఎంహెచ్ఎల్ అనే పద్ధతి ఉండేది. గెలాక్సీ ఎస్2, ఎస్3, ఎస్4 రోజులవి. శాంసంగ్ ఎస్6తో దాన్ని మానేసింది. నెక్సస్ 4, 5, ఎల్‌జీ జీ2 లాంటివి స్లిమ్‌పోర్ట్ అనే ఇంకో పద్ధతి వాడేవి. ఒకదాని అడాప్టర్ ఇంకోదానికి పనిచేయదు. షాపులో ఇప్పటికీ ఎంహెచ్ఎల్ కేబుళ్లు వేలాడుతుంటాయి. సీ టైప్ మార్పిడి పిన్ను తగిలించి కొత్త ఫోన్‌కి పెట్టుకోవచ్చని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఐఫోన్ 14, అంతకు ముందువాటికి యాపిల్ సొంత లైట్నింగ్ డిజిటల్ ఏవీ అడాప్టర్ ఉంది. ధర ఎక్కువే. అందులోనే ఒక చిన్న ప్రాసెసర్ ఉంటుంది, గరిష్ఠంగా 1080పీ ఇస్తుంది. చవక నకళ్లకు పక్కనున్న పోర్టులో ఛార్జర్ తప్పనిసరి. పెట్టిన వెంటనే ఫోన్ తెర తెరిచి 'ట్రస్ట్' నొక్కాలి. నొక్కకపోతే బొమ్మ రాదు. ఐఓఎస్ అప్‌డేట్ తర్వాత వీటిలో కొన్ని ఉన్నట్టుండి ఆగిపోతాయి.

## 3. టీవీ వెనకున్న యూఎస్‌బీ పోర్టులో పెడితే ఎందుకు రాదు?

ఈ ప్రశ్న అందరూ అడిగేదే. ఆ పోర్టు పెన్‌డ్రైవ్ కోసం. దాంట్లోంచి ఫోన్ తెర టీవీలోకి ఎక్కదు, ఏ సెట్టింగ్ మార్చినా ఎక్కదు. ఫైళ్లయినా చూద్దామంటే, ఇప్పటి ఆండ్రాయిడ్ ఫోన్లు పెన్‌డ్రైవ్‌లా కాకుండా ఎంటీపీ అనే పద్ధతిలో ఫైళ్లిస్తాయి. చాలా టీవీలకు అది చదవడం రాదు. ఒక్క ప్రయత్నం చేయొచ్చు. కేబుల్ పెట్టాక ఫోన్‌లో పై నుంచి నోటిఫికేషన్ లాగి, యూఎస్‌బీ ఎంపికల్లో 'ఫైల్ ట్రాన్స్‌ఫర్', లేకపోతే 'పీటీపీ' ఎంచుకోండి. కొన్ని టీవీల్లో ఫొటోలు కనిపిస్తాయి. కనిపించకపోతే అక్కడితో వదిలేయండి.

## 4. కలిపే వరస

ఫోన్‌లో వీడియో అవుట్ ఉందని తేలింది, అడాప్టర్ కూడా ఉంది, అయినా 'నో సిగ్నల్'. అప్పుడు ఇలా చేయండి.

1. అన్నీ ఊడదీయండి. టీవీని రిమోట్‌తో కాదు, స్విచ్‌బోర్డు దగ్గర ఆపి ఒక నిమిషం ఆగండి. రిమోట్‌తో ఆపితే టీవీ నిద్రపోతుందంతే, పోర్టులో ఇరుక్కున్న పాత సమాచారం పోదు.
2. ఫోన్ వెనక కవర్ తీసేయండి. మందపాటి కవర్ ఉంటే ప్లగ్ పూర్తిగా లోపలికి వెళ్లదు. ఛార్జింగ్‌కి ఆ మాత్రం తగిలినా చాలు, వీడియోకి చాలదు. 'ఛార్జ్ అవుతోంది కాబట్టి కేబుల్ సరిగ్గానే ఉంది' అనుకోవడం ఇక్కడే బోల్తా కొట్టిస్తుంది.
3. టార్చి వేసి ఫోన్ పోర్టు లోపల చూడండి. జేబులో ఉండే నూలు పీచు అడుగున గట్టిగా అట్టలా పేరుకుంటుంది. ఫోన్ ఆపి, చెక్క టూత్‌పిక్‌తో అంచుల వెంబడి మెల్లగా గీకి తీయండి. మధ్యలో నాలుకలాంటి పలక ఉంటుంది, దానికి తగలనివ్వకండి. సూది, పిన్నీసు అసలు వద్దు.
4. ముందు హెచ్‌డీఎంఐని టీవీకి పెట్టి, టీవీ ఆన్ చేసి, రిమోట్‌లో సోర్స్ లేదా ఇన్‌పుట్ నొక్కి సరిగ్గా ఆ పోర్టునే ఎంచుకోండి. పోర్టు పక్కన అచ్చేసిన నంబరు చూసి ఎంచుకోవాలి. రెండో పోర్టులో పెట్టి ఒకటో పోర్టు చూస్తూ కూర్చోవడం అరుదేమీ కాదు.
5. అడాప్టర్‌కి ఛార్జర్ పెట్టే చోటుంటే ఛార్జర్ పెట్టండి.
6. చివర్లో ఫోన్. తెర తెరిచి, లాక్ తీసి ఉంచి పెట్టండి. పది సెకన్లు ఆగండి. ఫోన్‌లో ఏదైనా అనుమతి అడిగితే ఒప్పుకోండి.
7. రాకపోతే ప్లగ్‌ని తిరగేసి పెట్టండి. సీ టైప్ ఎటు పెట్టినా పనిచేయాలి. ఒకవైపు పెడితే వచ్చి, ఇంకోవైపు పెడితే రాకపోతే పిన్నుల్లో ఏదో పోయిందని అర్థం. ఏది పోయిందో ఇంకో ఫోన్‌తో తేల్చుకోవాలి.

వివో, ఒప్పో, రియల్‌మీ, వన్‌ప్లస్ ఫోన్లలో ఇంకో సంగతి గుర్తుపెట్టుకోండి. సెట్టింగ్స్‌లో 'ఓటీజీ కనెక్షన్' అనే మీట విడిగా ఉండొచ్చు. పది నిమిషాలు వాడకపోతే దానంతటదే ఆగిపోతుంది. డిస్‌ప్లేలింక్ రకం అడాప్టర్ అసలు కనిపించకపోతే మొదట చూడాల్సింది అదే. పోర్టులో తేమ ఉందని, నీటి చుక్క గుర్తు చూపించి ఫోన్ హెచ్చరిస్తుంటే, ఆరేదాకా ఏదీ పెట్టకండి. వానాకాలంలో, సముద్రతీర ఊళ్లలో ఇది తరచూ వస్తుంది. ఫ్యాన్ గాలికి ఉంచితే చాలు, హెయిర్ డ్రయర్ వేడి వద్దు.

## 5. తప్పు అడాప్టర్‌దా, హెచ్‌డీఎంఐ కేబుల్‌దా, టీవీదా?

సెట్‌టాప్ బాక్స్‌కి ఇప్పటికే పనిచేస్తున్న హెచ్‌డీఎంఐ కేబుల్, పోర్టు మీ దగ్గర ఉన్నాయి. ఆ కేబుల్‌ని టీవీ వైపు కదపకుండా, బాక్స్ వైపు మాత్రం ఊడదీసి అడాప్టర్‌కి పెట్టండి. బొమ్మ వచ్చిందా, ఇంతకుముందు మీరు ఫోన్‌కి వాడిన కేబుల్ గానీ, టీవీలో దాన్ని పెట్టిన పోర్టు గానీ దోషి. రాలేదా, అడాప్టర్ వైపు చూడాలి.

అడాప్టర్ల గురించి రెండు మాటలు. సీ టైప్ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చడానికి లోపల చిప్ ఉండాలి, వట్టి వైర్లతో కుదరదు. కాబట్టి దానికో దిశ ఉంటుంది. సీ టైప్ వైపు ఫోన్, హెచ్‌డీఎంఐ వైపు టీవీ. సెట్‌టాప్ బాక్స్‌లోంచి సీ టైప్ మానిటర్‌కి వేసుకుందామని తిప్పి పెడితే పనిచేయదు. పొడవాటి హెచ్‌డీఎంఐ కేబుళ్లలో కొన్నింటికి కూడా దిశ ఉంటుంది. ఒక కొస మీద 'సోర్స్', ఇంకో కొస మీద 'డిస్‌ప్లే' అని రాసి ఉంటుంది. ఫోన్ అడాప్టర్ వైపు సోర్స్ కొస రావాలి.

టీవీకి లేదా మానిటర్‌కి నేరుగా సీ టైప్ పోర్టు ఉండి, రెండు వైపులా సీ టైప్ ఉన్న కేబుల్ వాడుతుంటే, ఫోన్ డబ్బాలో వచ్చిన కేబుల్ సాధారణంగా పనికిరాదు. సీ టైప్ పోర్టులో 24 పిన్నులుంటాయి. ఛార్జింగ్ కేబుల్ వాటిలో కొన్నింటినే వాడుకుంటుంది, వీడియో మోసే వేగవంతమైన జతలు అందులో ఉండవు. కేబుల్ వాట్లు ఎన్నో చూసి మోసపోకండి. 100 వాట్ల కేబుల్ కూడా యూఎస్‌బీ 2.0దే కావచ్చు. కవర్ మీద వీడియో లేదా 4కే అని, లేదంటే 10 జీబీపీఎస్ లాంటి డేటా వేగం రాసి ఉన్నదే తీసుకోండి.

## 6. బొమ్మ వచ్చి పోతుంటే

నాలుగైదు సెకన్లకోసారి తెర నల్లబడి మళ్లీ వస్తుంటే మొదటి అనుమానితుడు కరెంటు. విడిగా పవర్ అడిగే అడాప్టర్ తోకని టీవీ యూఎస్‌బీ పోర్టులో పెడతారు. ఆ పోర్టు మామూలుగా 5 వోల్టుల దగ్గర అర ఆంపియర్ ఇస్తుంది. చాలా అడాప్టర్లకు అది బొటాబొటి. పాత 5 వోల్టుల 2 ఆంపియర్ల ఛార్జర్ పెట్టి చూడండి. హబ్ అయితే పీడీ (పవర్ డెలివరీ) అని రాసి ఉన్న పోర్టుకి పీడీ ఛార్జర్ పెట్టాలి. ఛార్జర్ పెట్టిన క్షణంలో బొమ్మ ఒకసారి పోయి వస్తే కంగారు వద్దు, అది మామూలే.

కరెంటు బాగానే ఉంటే తర్వాత అనుమానించాల్సింది రిజల్యూషన్ని. 4కే 60 హెర్ట్జ్‌కి హెచ్‌డీఎంఐ కేబుల్ సెకనుకి 18 గిగాబిట్లు మోయాలి. 4కే 30 హెర్ట్జ్‌కి పాత 10.2 గిగాబిట్ల కేబుల్ చాలు. సెట్‌టాప్ బాక్స్‌కి 1080పీలో ఏళ్ల తరబడి బాగా పనిచేసిన కేబుల్, ఫోన్ 4కే పంపగానే చేతులెత్తేయడం ఇందుకే. తెరపై తెల్ల చుక్కలు మెరవడం, గీతలు పడటం కూడా దీని గుర్తులే. ఇల్లంతా తిప్పి గోడలోంచి తెచ్చిన పది మీటర్ల కేబుల్‌ని పక్కనపెట్టి, రెండు మీటర్లదాంతో చూస్తే వెంటనే తేలిపోతుంది.

కేబుల్ మార్చే వీలు లేకపోతే సిగ్నల్‌నే తగ్గించండి. శాంసంగ్ డెక్స్‌లో అయితే రిజల్యూషన్ సెట్టింగ్ ఉంది. చాలా ఫోన్లలో అది కూడా ఉండదు కాబట్టి టీవీ వైపు నుంచి తగ్గించాలి. ఒక్కో కంపెనీ దీనికి ఒక్కో పేరు పెట్టింది. శాంసంగ్ టీవీలో 'ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్', పాతవాటిలో 'హెచ్‌డీఎంఐ యూహెచ్‌డీ కలర్'. ఎల్‌జీలో 'డీప్ కలర్'. సోనీలో 'హెచ్‌డీఎంఐ సిగ్నల్ ఫార్మాట్'. మీ ఫోన్ పెట్టిన పోర్టుకి దాన్ని ఆఫ్ చేయండి, సోనీలో అయితే 'స్టాండర్డ్' ఎంచుకోండి. ఫోన్‌ని ఊడదీసి మళ్లీ పెడితేనే మార్పు అమల్లోకి వస్తుంది.

మౌస్ కదిపితే బాణం గుర్తు ఈడ్చుకుంటూ వస్తోందా? మీ హబ్ 4కేని 30 హెర్ట్జ్ దగ్గరే ఇస్తోంది. సీ టైప్‌లో ఉండే వేగవంతమైన నాలుగు లేన్లలో (డేటా దారుల్లో) రెండు యూఎస్‌బీ పోర్టులకు పోయి, వీడియోకి రెండే మిగలడం వల్ల చవక హబ్‌లలో ఇలా అవుతుంది. 1080పీకి దించితే 60 హెర్ట్జ్ వస్తుంది, బాణం మామూలుగా పరిగెడుతుంది.

## 7. బొమ్మ ఉంది, శబ్దం లేదు

ముందు బ్లూటూత్ ఆపండి. పక్క గదిలో పెట్టెలో ఉన్నాయనుకున్న ఇయర్‌బడ్స్ కలిసి ఉండి, శబ్దమంతా అవే తీసుకుపోతుంటాయి. తర్వాత వాల్యూమ్ బటన్ నొక్కి, తెరపై వచ్చే పట్టీలో మీడియా ఎటు వెళ్తోందో చూసి హెచ్‌డీఎంఐకి మార్చండి. డెవలపర్ ఆప్షన్స్ ఎప్పుడో తెరిచి ఉంటే, అందులో 'యూఎస్‌బీ ఆడియో రూటింగ్ ఆపు' అనే మీట ఆన్‌లో ఉందేమో చూసి ఆపండి. తెర కంప్యూటర్ మానిటర్ అయితే దానికి స్పీకర్లున్నాయో లేదో కూడా చూసుకోండి, చాలావాటికి ఉండవు.

## 8. శబ్దం వస్తోంది, సినిమా మాత్రం నల్లగా

యూట్యూబ్ బాగా ఆడి, ఓటీటీ యాప్‌లో మాత్రం తెర నల్లబడి మాటలు వినిపిస్తుంటే అది చెడిపోవడం కాదు. హెచ్‌డీసీపీ అనే కాపీ రక్షణ. ఫోన్ నుంచి టీవీ దాకా దారిలో ఉన్న ప్రతి పరికరమూ దానికి జవాబు చెప్పాలి. ఒక్కటి చెప్పకపోయినా యాప్ బొమ్మ ఆపేస్తుంది. మధ్యలో స్ప్లిట్టర్, సౌండ్‌బార్, ఏవీ కన్వర్టర్ ఉంటే తీసేసి, అడాప్టర్‌ని నేరుగా టీవీకి పెట్టి చూడండి. డిస్‌ప్లేలింక్, క్యూఆర్ కోడ్ రకం అడాప్టర్లు తెరని పట్టి పంపేవి కాబట్టి వాటితో ఎన్ని చేసినా రాదు. 'మొబైల్ మాత్రమే' ప్లాన్ తీసుకున్నవారికి యాప్ పెద్ద తెరని ఒప్పుకోకపోవచ్చు. అది చందా సంగతి, కేబుల్‌ది కాదు.

బొమ్మ వస్తోంది గానీ మసకగా ఉందంటే, ఫోన్‌లో వైడ్‌వైన్ అనే కాపీ రక్షణ ఎల్3 అనే కింది స్థాయిలో ఉండి ఉంటుంది. అలాంటి ఫోన్లకు ఓటీటీలు తక్కువ నాణ్యతే పంపుతాయి. ఐదంగుళాల తెర మీద తెలియని మసక, 43 అంగుళాల మీద కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పై స్థాయి ఎల్1 ఉందో ఎల్3 ఉందో డీఆర్ఎం (కాపీ రక్షణ) సమాచారం చూపే యాప్‌తో తెలుసుకోవచ్చు.

## 9. అంచులు తెగడం, బొమ్మ నిలువుగా రావడం

అంచులు తెగితే టీవీలో పిక్చర్ సైజు మార్చాలి. ఎల్‌జీలో 'జస్ట్ స్కాన్', శాంసంగ్‌లో 'ఫిట్ టు స్క్రీన్', సోనీలో డిస్‌ప్లే ఏరియాని 'ఫుల్ పిక్సెల్'. బొమ్మ సన్నగా నిలువుగా వస్తే ఫోన్‌లో ఆటో రొటేట్ ఆన్ చేసి పడుకోబెట్టండి. తర్వాత కూడా పక్కల నల్ల పట్టీలుంటే అవి ఫోన్ తెర ఆకారం వల్ల, వాటికి మందు లేదు. ఫోన్ తెర ఆరిపోగానే టీవీ కూడా ఆరుతుంటే స్క్రీన్ టైమౌట్‌ని ఉన్నదాంట్లో గరిష్ఠానికి పెంచండి.

## 10. హెచ్‌డీఎంఐ లేని పాత టీవీ

పసుపు, తెలుపు, ఎరుపు పిన్నుల టీవీకి, అడాప్టర్ తర్వాత హెచ్‌డీఎంఐ నుంచి ఏవీకి మార్చే చిన్న డబ్బా కావాలి. ఒక వైపు హెచ్‌డీఎంఐ, ఇంకో వైపు మూడు రంగుల పిన్నులు ఉండి మధ్యలో డబ్బా లేని కేబుల్ కొనకండి, అది ఏ ఫోన్‌తోనూ పనిచేయదు. డబ్బాల్లోనూ రెండు రకాలు, చూడటానికి కవలల్లా ఉంటాయి. 'హెచ్‌డీఎంఐ టు ఏవీ' కావాలి. 'ఏవీ టు హెచ్‌డీఎంఐ' అంటే దానికి ఉల్టా. డబ్బాకి 5 వోల్టుల పవర్ తప్పనిసరి. పక్కన పాల్, ఎన్‌టీఎస్‌సీ (రెండు టీవీ సిగ్నల్ పద్ధతులు) అని చిన్న మీట ఉంటుంది. బొమ్మ నలుపు తెలుపులో వచ్చినా, పైకి కిందికి దొర్లుతున్నా దాన్ని పాల్ వైపు జరపండి. అక్షరాలు మాత్రం చదివేలా రావు, సినిమాలకు పర్వాలేదు.

## మునుపు వచ్చేది, ఇప్పుడు రావట్లేదంటే

అదే ఫోన్, అదే అడాప్టర్, అదే టీవీ, అయినా ఉన్నట్టుండి ఆగిపోయిందనుకోండి. మధ్యలో ఛార్జింగ్ బోర్డు మార్పించారా అని గుర్తుచేసుకోండి. బయటి షాపుల్లో వేసే నకిలీ బోర్డుల్లో కొన్నింటికి ఛార్జింగ్ లైన్లు మాత్రమే సరిగ్గా ఉంటాయి. ఫోన్ చక్కగా ఛార్జ్ అవుతుంది, వీడియో మాత్రం పోతుంది. కంప్యూటర్‌కి కలిపి ఒక పెద్ద ఫైల్ కాపీ చేసి చూడండి. ఇంతకుముందు యూఎస్‌బీ 3 వేగంతో వెళ్లేది ఇప్పుడు సెకనుకి 30, 40 మెగాబైట్ల దగ్గర ఆగిపోతుంటే వేగవంతమైన లైన్లు తెగినట్టు లెక్క. కాపీకి వాడే కేబుల్ కూడా యూఎస్‌బీ 3ది అయ్యుండాలి, లేకపోతే ఈ పరీక్షకి అర్థం లేదు. లైన్లు తెగినట్టు తేలితే ఒరిజినల్ బోర్డు వేయించడం తప్ప వేరే దారి లేదు.

ఫోన్‌లో సేవ్ చేసిన పెళ్లి వీడియోలు, ఫొటోలు చూసుకోవడమే మీ పనైతే ఇదంతా అక్కర్లేదు. రెండు కొసలున్న ఓటీజీ పెన్‌డ్రైవ్ కొని, ఫోన్‌లోంచి కాపీ చేసి టీవీకి పెట్టండి. ఫ్యాట్32లో ఫార్మాట్ చేస్తే 4 జీబీ దాటిన ఫైల్ ఎక్కదు. ఎక్స్‌ఫ్యాట్‌కి ఆ బాధ లేదు గానీ పాత టీవీలు దాన్ని చదవలేకపోవచ్చు. వీడియో ఆడుతూ శబ్దం రాకపోతే ఆ ఫైల్‌లో ఆడియో డీటీఎస్ అనే ఫార్మాట్‌లో ఉందేమో చూడండి, చాలా టీవీలు దాన్ని వినిపించవు. ఏఏసీ ఫార్మాట్‌కి మార్చుకుంటే సరిపోతుంది.